అప్పాయమ్మ ముందు చనిపోయింది, తర్వాత పుట్టింది

మీకు ముందే చెప్పేస్తున్నాను, ఇది ఒక ఘోరం గురించిన కథ. ఇందులో రక్తం కారదు గానీ పరువు ధారగా కారుతుంది. పొరపాట్లు అందరూ చేస్తారు. తెలివైనవాళ్లు ఇంట్లో చేసి తలుపులు వేసుకుంటారు. నేను మాత్రం పట్టుచీర కట్టుకుని, రాజమండ్రిలో నిండు సభలో, మైకు పట్టుకుని, నవల రాసినాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని మరీ చేశాను. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఆ వయసులో మనిషికి తెలియనిది ఏముంటుంది చెప్పండి.

మాది ఆత్రేయపురం. మా ఊరి గురించి నేను చెప్పక్కర్లేదు, మీ నాలుకనడిగితే అదే చెబుతుంది. మా ఇంటి ముందు వసారాలో నలుగురు ఆడవాళ్లు కుండలు బోర్లించి రేకులు తీస్తుంటారు. లోపలి గదిలో నేనూ మా అత్తయ్యగారూ ఆ రేకులకి నెయ్యి రాసి, పంచదార చల్లి, మడిచి పెట్టెల్లో సర్దుతాం. పని చేసేవి చేతులే కాబట్టి కళ్లు ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీలోకి నవలలు వచ్చి కూర్చున్నాయి. పంచదార డబ్బాకి పుస్తకం ఆనించి పెట్టుకోవడం, పేజీ అయ్యేసరికి మోచేత్తో తిప్పడం. ఈ విద్య ఏ కాలేజీలోనూ నేర్పరు.

ఇంత చదివాక ఊరుకోలేం కదా. చదివిన ప్రతి నవల మీదా ఫేస్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాసేదాన్ని. అందరూ నక్షత్రాలు ఇస్తారు, నేను చప్పటి పూతరేకులు ఇచ్చేదాన్ని. అంటే ఆ నవల చదువుతూ ఒళ్లు మరిచిపోయి పంచదార వేయకుండా ఎన్ని మడిచానో అన్ని మార్కులు. సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునే కుటుంబం మీద వచ్చిన ఒక నవల ఉంది. అందులో ముసలమ్మ ఎండుచేపలు తిరగేస్తూ కోడల్ని తిట్టే పేజీలు నాలుగుసార్లు చదివాను, నాలుగు చప్పటివి పోయాయి. హైదరాబాదు అపార్టుమెంటులో వాచ్‌మన్ చెప్పుకునే కథకి ఆరు. ఒక కుర్రాడు కిటికీలోంచి బయటికి చూస్తూ అరవై పేజీలు ఆలోచించే నవల ఒకటి ఉంది, దానికి బహుమతి కూడా వచ్చింది. అది చదివినన్నాళ్లూ ఒక్క పూతరేకు కూడా తప్పు పోలేదు. నా జన్మలో అంత చక్కగా ఎప్పుడూ పని చేయలేదు.

నా కొలతలు పండితుల కొలతలు కావు. నవల్లో మనుషులు అన్నం తినాలంటాను. మూడొందల పేజీల్లో ఎవరికీ ఒక్కసారి కూడా ఆకలి వేయకపోతే ఆ రచయితని నేను నమ్మను. ఇంకో సంగతి. ఈ కాలం నవలలు మొదట్లో మొదలవ్వవు. కథని ఎక్కడో నడుం దగ్గర ఎత్తుకుంటారు. ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పరు. ఓపిక పడితే ఏ వందో పేజీకో తెలుస్తుంది. అందుకని అర్థం కాకపోయినా తలూపుతూ ముందుకెళ్లాలి, అర్థం కాలేదన్నవాడే లోకువ. ఈ నీతి నాకు బాగా వంటబట్టింది. నన్ను నట్టేట ముంచింది కూడా ఇదే.

ఒకరోజు పెద్దాపురం నుంచి ఫోన్ వచ్చింది. పెళ్లివారు. మా గోదావరి జిల్లాల్లో తిట్టదలచుకున్నా ముందు పొగిడిగానీ తిట్టరు.

“పూతరేకులు అందాయండి. చాలా బాగున్నాయండి. చిన్న సందేహమండి.”

“చెప్పండి,” అన్నాను.

“ఇవి షుగర్ ఉన్నవాళ్లకోసం చేసినవాండి?”

“కాదండి. ఏమైందండి?”

“ఏం లేదండి. పెళ్లికొడుకు తాతగారు తప్ప ఎవరూ తినలేకపోతున్నారండి. ఆయన మాత్రం ఇంకో రెండు పెట్టెలు పంపమంటున్నారండి.”

ఆ వారం నేను వాచ్‌మన్ నవల రెండోసారి చదువుతున్నాను. ఒక పెట్టె మొత్తం చప్పగా వెళ్లిపోయింది. మా అత్తయ్యగారు అరిచే మనిషి కాదు. నెయ్యి గిన్నె పక్కకి జరిపి, చేతులు తుడుచుకుని, నెమ్మదిగా అన్నారు.

“అమ్మాయ్, రేపటినుంచి ఈ గదిలోకి నవల రాకూడదు.”

“అత్తయ్యా, ఇంకెప్పుడు చదువుకోనండి? పొద్దుటినుంచి దీపాలు పెట్టేదాకా ఈ గదిలోనే ఉంటాం కదా.”

“చదివి ఏం సాధించావ్? పెద్దాపురం తాతగారిని మెప్పించావ్, అంతే కదా.”

ఆ గదిలో పుస్తకం లేకపోతే నాకు మిగిలేది పంచదారా, గోడా. సరిగ్గా మర్నాడే రాజమండ్రి నుంచి ఇంకో ఫోన్. పుస్తకాభిమానుల సంఘం కార్యదర్శిగారు. నా చేతులకి నెయ్యి కాబట్టి అత్తయ్యే స్పీకర్ నొక్కి పట్టుకున్నారు.

“మేడమ్, మీ పూతరేకుల మార్కులు మేమంతా చూస్తుంటామండి. వచ్చే నెల జోగారావుగారి ‘లాకు పక్క ఇల్లు’ నవల మీద సభ పెడుతున్నామండి. ఇద్దరు పెద్దలు మాట్లాడతారు. వాళ్లకి ముందు సామాన్య పాఠకురాలిగా మీరొక ఐదు నిమిషాలు మాట్లాడాలండి.”

ఫోన్ పెట్టేశాక అత్తయ్య నావైపు తిరిగారు.

“అంత పెద్దోళ్లు పిలుస్తున్నారంటే నీకేదో తెలిసే ఉండాలి,” అన్నారు. “సరే, నేనూ వస్తాను. నీ మాటకి వాళ్లు తలూపితే పుస్తకం ఈ గదిలోనే ఉంటది. నవ్వారనుకో, ఇక గుమ్మం తొక్కదు. సభ అయ్యేదాకా ఆ ఒక్క నవలా తెచ్చుకో.”

మావారు రాజమండ్రిలో సరుకు దింపి వస్తూ నవల తెచ్చారు. రెండు పుస్తకాలు. తీసుకురాగానే అత్తయ్య లాక్కున్నారు, అట్టలు వేయడానికి. మా ఇంట్లో నెయ్యి తగలని వస్తువు లేదు కాబట్టి ఏ పుస్తకమైనా అట్ట వేయించుకోకుండా లోపలి గదికి రాకూడదు. అత్తయ్య అట్ట వేశారంటే ఇంటికి సున్నం కొట్టించినంత శ్రద్ధ. పెట్టెలు చేయగా మిగిలిన మందపాటి కాగితం చుట్టి, మైదా ఉడకబెట్టిన జిగురు రాసి, గట్టిగా ఉంటుందని ముందు కాగితమూ వెనక కాగితమూ కూడా అట్టకే అంటించేస్తారు. ఆ పైన తన గుండ్రటి అక్షరాలతో పేరు రాస్తారు. రెండింటి మీదా ఒకటే రాశారు, ‘లాకు పక్క ఇల్లు’ అని. మొదటి భాగమో రెండో భాగమో చెప్పే కాగితాలు మైదా కింద సమాధి అయిపోయాయి. రెండు పుస్తకాల్లోనూ పేజీలు ఒకటి నుంచే మొదలు.

నేను పైన ఉన్నది తీసుకున్నాను. అదే నా మొదటి భాగం.

కథ ఎలా మొదలైందంటే, అప్పాయమ్మ అనే డెబ్భై ఏళ్ల ఆవిడ ఉంది. కాలవ మీద పడవల కోసం కట్టిన పాత లాకు పక్కనే ఆవిడ ఇల్లు. ఖాళీ చేయమంటే చేయనంటుంది. మంచం కింద ఒక రేకుపెట్టె ఉంది, దాన్ని ముట్టుకోనివ్వదు. ఎదురింట్లో గవర్రాజు అనే ముసలాయన. నలభై ఏళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఎందుకు లేవో రచయిత చెప్పడు. “ఆరోజు పడవలో అలా జరగబట్టి కదా” అని ఊళ్లోవాళ్లు అనుకుంటారు, పడవలో ఏం జరిగిందో అదీ చెప్పడు. ఆహా, ఎంత ఆధునికం అనుకున్నాను. పాఠకుడి మీద ఎంత నమ్మకం అనుకున్నాను. చివర్లో అప్పాయమ్మ లాకు తలుపు మీద కూర్చుని, నీళ్లు చూస్తూ చనిపోయింది. గవర్రాజు వచ్చి చెప్పులు విడిచి పక్కన కూర్చున్నాడు. నేను పంచదారలో కన్నీళ్లు పడకుండా మొహం పక్కకి తిప్పుకున్నాను.

తర్వాత రెండో పుస్తకం తెరిచాను. అందులో అప్పాయమ్మ అప్పుడే పుట్టింది. పది పేజీలు తిప్పేసరికి ఏడేళ్లు. గవర్రాజుతో కలిసి జామకాయలు దొంగిలిస్తోంది.

మామూలుగా బుర్ర ఉన్న మనిషికి అక్కడ అనుమానం రావాలి. నాకు అనుమానం రాలేదు, పులకరింత వచ్చింది. చంపేసిన మనిషిని చిన్నపిల్లని చేసి మళ్లీ మన చేతిలో పెట్టాడు, ఎంత సాహసం అనుకున్నాను. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు కదా. నాకు సోమలింగం కర్మకాండలు కూడా అయిపోయాక ఆలూ చూలూ కనపడ్డాయి. అయినా ఒట్టేసి చెబుతున్నాను, అలా చదవడంలో నాకు కలిగిన దుఃఖం అబద్ధం కాదు. ఆ రెండో పుస్తకానికి పదకొండు పోయాయి. అవి పెద్దాపురం వెళ్లలేదు, నేనే తినేశాను.

సభ రోజు అత్తయ్య గద్వాల చీర కట్టుకుని ముందు వరసలో మధ్య కుర్చీలో కూర్చున్నారు. వేదిక మీద నేను ఈ చివర. నా పక్కన జోగారావుగారు. లాకు సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి, సన్నగా, చొక్కా జేబులో రెండు పెన్నులతో ఉన్నారు. తొమ్మిదేళ్లు రాశారట ఆ నవల. ఆయనకవతల రిటైర్డ్ తెలుగు లెక్చరర్‌గారు, ఆయనకవతల ఒక విమర్శకుడుగారు. ఇద్దరి దగ్గరా తెల్లకాగితాలున్నాయి, పుస్తకాలు లేవు. నా దగ్గర నెయ్యి మరకల అట్టలతో రెండు పుస్తకాలున్నాయి. అప్పటికి నాకది నామోషీగానే ఉంది.

నన్ను పిలిచారు. లేచి మైకు పట్టుకున్నాను.

“అందరికీ నమస్కారమండి. నేను పెద్దగా చదువుకోలేదండి. కానీ ఇలాంటి నవల నేనెప్పుడూ చూడలేదండి. జోగారావుగారు కథని వెనక నుంచి ముందుకి చెప్పారండి. అప్పాయమ్మ ముందు చనిపోతుంది, తర్వాత పుడుతుంది. అలా ఎందుకు రాశారా అని ఆలోచించానండి. పెద్దవయసులో ఆవిడకీ గవర్రాజుకీ నలభై ఏళ్లు మాటల్లేవు. అది మనకి ముందే తెలిసిపోయింది. ఆ తర్వాత చిన్నప్పుడు ఇద్దరూ ఒకే జామకాయ కొరుక్కుని నవ్వుతుంటే నాకు కడుపులో దేవేసిందండి. వీళ్లు ముందుముందు మాట్లాడుకోరని నాకు తెలుసు, పాపం వాళ్లకి తెలీదు. పెట్టెలో ఏముందో కూడా అంతే. ఆవిడ పోయాక గానీ మనకి తెలీదు. మనుషులు పోయాకే కదండీ మనం వాళ్ల కథ అడుగుతాం.”

చప్పట్లు మోగాయి. అత్తయ్య ముందుకి చూడటం మానేసి వెనక్కి తిరిగి ఎన్ని తలలు ఊగుతున్నాయో చూసుకుంటున్నారు. జోగారావుగారు మాత్రం చప్పట్లు కొట్టలేదు. నావంక అదోలా చూస్తున్నారు. మహానుభావుడు, మాటలు రావట్లేదు కాబోలు అనుకుని నేను రాజఠీవితో కూర్చున్నాను.

కూర్చున్నాక బల్ల మీద చూశాను. సంతకాల కోసమని కార్యదర్శిగారు అప్పుడే కొత్త పుస్తకాలు రెండు తెచ్చి పెట్టారు. ఒకదాని మీద జామచెట్టెక్కిన పిల్ల బొమ్మ, కింద ‘మొదటి భాగం’. ఇంకోదాని మీద లాకు, ముసలావిడ, కింద ‘రెండో భాగం’.

అత్తయ్య వేసిన అట్ట, మైదా జిగురు, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. భూదేవి నోరు తెరిస్తే దూకేద్దామని కిందికి చూశాను. కింద కార్పెట్ ఉంది.

అంతలో లెక్చరర్‌గారు మైకు అందుకున్నారు. నా పని అయిపోయిందనుకున్నాను.

“మన సోదరి చాలా చక్కని విషయం ప్రస్తావించారు,” అన్నారాయన. “దీన్ని విలోమ కథనం అంటారు. గోదావరి సముద్రంలో పుట్టి కొండల్లోకి ప్రవహిస్తే ఎలా ఉంటుందో ఈ నవల అలా ఉంటుంది. మరణంతో మొదలుపెట్టి జననంతో ముగించడం ఎంత గొప్ప శిల్పమో నేను చదువుతున్నంతసేపూ ఆశ్చర్యపోతూనే ఉన్నాను.”

నేను కళ్లు నులుముకుని మళ్లీ పుస్తకాలవంక చూశాను. ‘మొదటి భాగం’ పైన ఇంకా జామచెట్టే ఉంది. ఆయన పదిహేను నిమిషాలు మాట్లాడారు, అన్నీ నా అయిదు నిమిషాల్లోంచే. తర్వాత విమర్శకుడుగారు లేచారు.

“మిత్రులు శిల్పం దగ్గర ఆగిపోయారు,” అన్నారాయన. “నేను ఒకడుగు ముందుకి వేస్తాను. రచయిత అప్పాయమ్మని మొదటి భాగంలోనే చంపడం ఈ వ్యవస్థ మీద తిరుగుబాటు.”

అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరని పెద్దలన్నారు. అందరూ ప్రసంగించేవాళ్లే అయితే చదివేదెవరని ఆరోజు నాకనిపించింది. అయినా నాకు ధైర్యం రాలేదు. వీళ్లిద్దరూ ఇంత గట్టిగా చెబుతుంటే, ప్రెస్సువాడే అట్టలు మార్చేశాడేమో, నేనే కరెక్టేమో అని కూడా ఒక చిన్న ఆశ పుట్టింది.

చివరికి జోగారావుగారు లేచారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“పెద్దలు క్షమించాలండి,” అన్నారు. “నేను వెనక నుంచి రాయలేదండి. మొదటి భాగంలో అప్పాయమ్మ పుట్టిందండి, రెండో భాగంలో పోయిందండి. అందరూ పోయినట్టే.”

హాలులో అందరూ నావంక తిరిగారు. ఇక దాక్కోవడానికి నా దగ్గర ఏమీ లేదు. లేచి నిలబడ్డాను.

“తప్పయిపోయిందండి. నేను రెండో భాగం ముందు చదివేశానండి. అట్టల కింద నంబర్లు కనపడలేదండి. ఇదే గొప్ప అనుకున్నానండి.”

నా మాట పూర్తి కాకుండానే ముందు వరసలో అత్తయ్య లేచారు. మైకు లేకపోయినా వినపడే గొంతు ఆవిడది.

“అమ్మాయి తప్పేం లేదండి. అట్టలు వేసింది నేనండి. మా ఇంట్లో నెయ్యి పని, అందుకని కాగితాలు అంటించేశానండి.” వేదికవంక చూసి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగారు. “మరి ఆ పెద్దాయనల పుస్తకాలకి అట్టలు నేను వేయలేదు కదండీ. వాళ్లెందుకు తిరగేసి చదివారండి?”

మొదట వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలు హాలంతా విరగబడి నవ్వింది. కార్యదర్శిగారు బ్యానర్ వైపు తిరిగి నవ్వుకున్నారు. లెక్చరర్‌గారు “నేను ధ్వనిగా అన్నానండీ” అన్నారు, ఎవరికీ వినపడలేదు. విమర్శకుడుగారికి బస్సు టైమైందట.

నవ్వులు తగ్గేదాకా జోగారావుగారు ఆగారు. ఆయన నవ్వలేదు.

“నా పుస్తకం వచ్చి ఏడాదైందండి,” అన్నారు. “నేను ఇచ్చిన ప్రతివాళ్లూ బాగుందన్నారు. ఒక్కళ్లూ గవర్రాజు పేరెత్తలేదు. ఈవేళ ఈ అమ్మాయి ఎత్తింది. ఆ జామకాయ దగ్గర కడుపులో దేవిందన్నది. అమ్మా, ఆ పేజీ రాసిన రోజు నేను అన్నం తినలేకపోయాను. వాళ్లిద్దరికీ మాటలు పోతాయని నాకు ముందే తెలుసు కదా. ఆ బాధ రాసినవాడికే తప్ప చదివేవాళ్లకి తెలీదనుకున్నాను. మీరు తిరగేసి చదివి దాన్ని పట్టుకున్నారు. ఈ సభలో నా పుస్తకం చదివింది మీరొక్కరే.”

అప్పుడు మోగిన చప్పట్లు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. సిగ్గుతో చావాల్సిన చోట నేను నిలబడి దండం పెడుతున్నాను. సభ అయ్యాక పుస్తకాల బల్ల దగ్గర జనం మూగారు. ఏది ముందు చదవమంటారని అడిగితే జోగారావుగారు నావైపు చెయ్యి చూపించి, “ఆవిడ్నడగండి” అన్నారు. ఆ సాయంత్రం రాజమండ్రిలో చాలామంది అప్పాయమ్మని ముందు చంపుకుని ఇంటికెళ్లారు.

కారులో వస్తూ బొబ్బర్లంక దాటాక నేనే అడిగాను.

“అత్తయ్యా, తలూపారు. నవ్వారు కూడా. మరి తీర్పేంటండి?”

“తలూపింది నీ మాటకి,” అన్నారావిడ. “నవ్వింది ఆ పెద్దోళ్లని చూసి. పుస్తకం గదిలోనే ఉండనీ.” నావైపు వంగి, “ఇంతకీ ఆ పెట్టెలో ఏముందే?” అన్నారు.

చెప్పలేదు. చదువుకోమన్నాను. నెల తిరక్కుండా మా గదిలో ఒక డబ్బాకి నా నవల, ఇంకో డబ్బాకి ఆవిడ నవల ఆనాయి.

ఇక్కడితో ఆపితే నా గౌరవం నిలుస్తుంది గానీ మీ దగ్గర దాపరికం ఎందుకు. ఆ తర్వాత నేను ఆ నవలని బుద్ధిగా, మొదటి భాగం ముందు, రెండో భాగం తర్వాత, రచయిత రాసిన వరసలోనే చదివాను. బాగుంది. బాగుంది, అంతే. ఈ మాట జోగారావుగారితో అనలేదు. పండక్కీ పబ్బానికీ ఫోన్ చేస్తారు, పెద్దాయన, ఎలా అంటాను.

అందుకని అమ్మవారి సాక్షిగా, చదివే మీ అందరి సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ. ఇకమీదట నేను ఏ నవలనీ పొరపాటున వెనక నుంచి చదవను. చదివితే కావాలనే చదువుతాను.